పాత పెట్రోలు లారీలో నిప్పురవ్వ రానప్పుడు

మన సభ్యులలో కొందరియొద్ద నేటికిని పాత పెట్రోలు బండ్లు కలవు. మిలిటరీవారి వేలములలో కొన్న లారీలు, ట్రైలరు తగిలించిన పాత జీపులు ఇబ్రహీంపట్నము, కొండపల్లి, మైలవరము ప్రాంతముల తోటలలో అచ్చటచ్చట ఇంకను పనికి వచ్చుచున్నవి. ఇవి సంవత్సరములో అధికభాగము కొట్టములోనే యుండి, మామిడికాయ దిగునప్పుడో, ధాన్యము ఇంటికి చేర్చునప్పుడో వెలికి వచ్చును. సరిగా ఆ దినముననే సెల్ఫు తిరుగును గాని ఇంజను అందుకొనదు. కాయ కోసి బుట్టలకెత్తి యుండును. కూలీలు నిలబడి యుందురు. నున్న మార్కెటులో ఉదయపు బేరము మన కొరకు ఆగదు.

అటుపిమ్మట జరుగునది మనమందర మెరిగినదే. ఒకరు కాయిలు పోయినదందురు. మరియొకరు ప్లగ్గులు మార్చమందురు. ఇంకొకరు బ్యాటరీ మీద నెపము వేయుదురు. రైతు ఒక్కొక్కటిగ అన్నియు కొని తెచ్చును. చివరకు ఏదో ఒక చిన్న తీగెయో, మసిపట్టిన పాయింటో దోషియని తేలును. కొన్న సామానులు మాత్రము తిరిగి పోవు.

కృష్ణా కాలువల క్రింద సేద్యము చేయువారికి ఈ విషయమున వేరొకరు పాఠము చెప్పనక్కరలేదు. కాలువ చివరి పొలమునకు నీరందనప్పుడు ఏ రైతును తన చేనును త్రవ్వి చూచుకొనడు. గట్టు పట్టుకొని పైకి నడచి, నీ రెచ్చటివరకు వచ్చి ఎచ్చట ఆగినదో కనుగొనును. లారీలోని విద్యుత్తును గూడ అట్లే వెదకవలెను. ఏ వస్తువును కొనకముందే విద్యుత్తు ఏ తావున ఆగినదో తెలిసికొనవలెను. అందులకు కావలసినది ఒక చిన్న బల్బు, రెండు మూరల వైరు, కొంత ఓపిక.

ఎట్టి బండ్లకు ఈ మాటలు వర్తించునో ముందుగా చెప్పవలసియున్నది. డీజిలు లారీలో నిప్పురవ్వ యను ప్రసక్తియే లేదు. అందు గాలిని మిక్కిలి గట్టిగ నొక్కుటచే పుట్టిన వేడికే నూనె మండును. మన దేశమున 1928 నుండి బొంబాయిలో జనరల్ మోటార్సువారు కూర్చిన షెవ్రొలే లారీలు మొదలగునవి పెట్రోలువి. 1954లో టాటావారు మెర్సిడిస్ బెంజివారితో కలిసి డీజిలు లారీలు తయారుచేయ నారంభించిన పిమ్మట పెట్రోలు లారీలు క్రమముగ వెనుకబడినవి. ఇక నేటి చిన్న పెట్రోలు, గ్యాసు ట్రక్కులలో రవ్వ కలదు గాని దానిని నడుపునది ఎలక్ట్రానిక్ పెట్టె. మేము చెప్పబోవు పరీక్షలను వానిపై చేయరాదు. వైరు ఊడదీసి రవ్వ చూచినచో ఆ పెట్టెయే చెడిపోవచ్చును. పాయింట్లు, కండెన్సరు గల పాత బండ్లకే ఈ వ్యాసము.

ఈ పాత ఏర్పాటు అమెరికా దేశస్థుడగు చార్లెసు కెట్టరింగు రూపొందించినది. 1910వ సంవత్సరపు కాడిలాక్ కార్లతో వాడుకలోనికి వచ్చెను. అందు విద్యుత్తు నడచు దారులు రెండు. మొదటిది తక్కువ ఒత్తిడి దారి. బ్యాటరీ నుండి బయలుదేరిన విద్యుత్తు తాళపుచెవి స్విచ్చి గుండా కాయిలునకు వచ్చి, అందలి లావుపాటి తీగెచుట్టను దాటి, డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల గుండా ఎర్తునకు, అనగా ఇంజను ఇనుమునకు, చేరును. రెండవది ఎక్కువ ఒత్తిడి దారి. కాయిలులోని సన్నని తీగెచుట్టలో పుట్టిన విద్యుత్తు నడిమి లావువైరు గుండా డిస్ట్రిబ్యూటరు క్యాపునకు వచ్చి, రోటరు మీదుగ ఆయా ప్లగ్గు వైరునకు పోయి, ప్లగ్గు కొసన గల సందును దూకును. ఆ దూకుటయే నిప్పురవ్వ.

పన్నెండు ఓల్టుల బ్యాటరీ నుండి వేలకొలది ఓల్టులు ఎట్లు పుట్టునని కొందరు మమ్ము అడిగియున్నారు. పంపుసెట్టు గొట్టములో నీరు వేగముగ పారుచుండగా చివరి కవాటమును ఒక్క పెట్టున మూసినచో ఏమగునో చూచియుందురు. గొట్టము దద్దరిల్లును; ఒక్కొక్కప్పుడు అతుకు పగులును. పారుచున్నంతసేపు లేని ఒత్తిడి ఆపిన క్షణమున పుట్టినది. కాయిలు పనియు నిట్టిదే. పాయింట్లు కలిసియున్నంతసేపు విద్యుత్తు పారి కాయిలులోని ఇనుప కడ్డీని అయస్కాంతముగ చేయును. పాయింట్లు విడివడగానే ఆ ప్రవాహము తెగి, అయస్కాంతశక్తి కూలి, వేలకొలది చుట్లు గల సన్నతీగెలో పదివేల ఓల్టులకు మించిన ఒత్తిడి పుట్టును. కావున రవ్వ పుట్టునది పాయింట్లు కలియునప్పుడు కాదు, విడునప్పుడు. ఈ యొక్క సంగతి మనస్సున నుంచుకొన్నచో తక్కిన పరీక్షలన్నియు సులభముగ బోధపడును.

పాయింట్ల ప్రక్కన వ్రేలెడైన లేని డబ్బీ యొకటి యుండును. అదియే కండెన్సరు. పాయింట్లు విడునప్పుడు విద్యుత్తు వాని నడుమనే మంటగ దూకిపోకుండ ఇది దానిని ఒకింతసేపు తనలోనికి తీసికొనును. అందుచే ప్రవాహము చటుక్కున తెగును. దీని తీగె తెగినచో రవ్వ పలుచబడి పాయింట్లు కాలిపోవును. ఇది లోపల ఎర్తు అయినచో రవ్వ బొత్తుగ రాదు. చూపునకు మంచి కండెన్సరును చెడినదియు ఒక్క తీరుననే యుండును. కాయిలు వెలతో కండెన్సర్లు పలు వచ్చును; అయినను మనవారు ముందుగ కాయిలునే మార్చుట మాకు వింతగ నుండును.

ఇక పరీక్షకు దిగుదము. ఇంజను ఆగిన తీరును ముందు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. దీపము నూదినట్లు ఒక్కసారిగ ఆగినచో అనుమానము విద్యుత్తుపైననే. దగ్గి, కుదుపులిచ్చి, నెమ్మదిగ చచ్చినచో పెట్రోలు మార్గమును జూడవలెను. ప్లగ్గు నొకదానిని విప్పి చూచినప్పుడు పెట్రోలు తడి వాసన వచ్చుచున్నచో, పెట్రోలు అందుచున్నది, రవ్వ లేదు అని చాలవరకు నిశ్చయింపవచ్చును.

బండి రహదారిపై ఆగినచో ముందు దానిని ప్రక్కకు త్రోయుడు. హైదరాబాదు రోడ్డును జగదల్‌పూరు రోడ్డును కలియు మన ఇబ్రహీంపట్నమువంటి తావున రాత్రివేళ రోడ్డుమీద బానెట్టు ఎత్తి నిలబడుట ప్రాణాంతకము. గేరు న్యూట్రలులో నుంచి, బ్రేకు వేసి, చక్రములకు రాళ్లు పెట్టవలెను. పెట్రోలు ఎచ్చటనైన కారుచున్నచో అది తుడిచి ఆరువరకు రవ్వ పరీక్ష చేయరాదు. విప్పిన ప్లగ్గును తిరిగి బిగింపవలెను. ఏలయన ఆ రంధ్రము నుండి పెట్రోలు ఆవిరి వెలువడును. బీడీ దూరముగ నుండవలెను. లావువైరులను ఎండుకర్రతోగాని రబ్బరు పిడి గల పట్టకారుతోగాని పట్టవలెనే తప్ప వట్టిచేతితో తాకరాదు. గుండెకు పేస్‌మేకరు అమర్చబడినవారు ఈ పనికి దూరముగ నుండుట మేలు. హ్యాండిలు త్రిప్పువారు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల వైపుననే యుంచవలెను. ఇంజను వెనుకకు తన్నినప్పుడు బొటనవ్రేలు అడ్డముగ నున్నవాని మణికట్టు విరుగును.

తరువాత బ్యాటరీ. పెద్దదీపము వెలిగించి సెల్ఫు నొక్కుడు. దీపము కొంచెము తగ్గుట సహజము. ఆరిపోవునంతగ తగ్గినచో బ్యాటరీ బలము లేదు, లేదా దాని కొసలు పాచిపట్టినవి. ఇట్టి స్థితిలో సెల్ఫే విద్యుత్తునంతయు త్రాగివేయుటచే కాయిలునకు మిగులదు. హ్యాండిలుతో త్రిప్పినచో రవ్వ వచ్చును, సెల్ఫుతో రాదు. కొసలను వేడినీటితో కడిగి, గీకి, బిగించి, పైన కొంచెము వాసెలిను పూయవలెను. ఇంజనునకును చట్రమునకును నడుమ నుండు అల్లిక ఎర్తుపట్టీని మరువరాదు. అది త్రుప్పుపట్టి తెగిన బండ్లు పెక్కు కలవు.

బ్యాటరీ బాగుగ నున్నచో నేరుగ దారి నడుమకు పోవలెను. కాలువ పొడవు పది మైళ్లయినప్పుడు నడిమి లాకునొద్ద నీరున్నదా లేదా యని చూచినచో సగము నడక తప్పును గదా. ఇచ్చట నడిమి లాకు కాయిలు నుండి వచ్చు లావువైరు. దానిని డిస్ట్రిబ్యూటరు క్యాపు నడిమి నుండి ఊడదీసి, కార్బురేటరునకు దూరముగ, ఇంజను శుభ్రమైన ఇనుమునకు పావు అంగుళము ఎడముగ పట్టి, స్విచ్చి వేసి ఇంజను త్రిప్పించుడు. చిటచిట ధ్వనితో నీలిరవ్వ గట్టిగ దూకినచో బ్యాటరీ మొదలు కాయిలు వరకు అంతయు మంచిదే. దోషము క్యాపు, రోటరు, వైరులు, ప్లగ్గులలో నున్నది. పలుచని పసుపుపచ్చ రవ్వ వచ్చినచో కండెన్సరు, పాయింట్లను అనుమానింపవలెను. ఏమియు రానిచో దోషము పై సగముననే.

పై సగమును చూచుటకు పరీక్షాదీపము కావలెను. బ్యాటరీ ఓల్టులకు సరిపోవు చిన్న బల్బునకు రెండు వైరులు కట్టుడు. కొన్ని పాత బండ్లలో బ్యాటరీ ఆరు ఓల్టులదే యుండును. ఒక వైరును ఇంజను ఇనుమునకు తగిలించి, రెండవదానితో తాకి చూడవలెను. స్విచ్చి వేసి, కాయిలు మీద స్విచ్చి వైపునుండి వచ్చు బోల్టును తాకుడు. దీపము వెలుగకున్నచో విద్యుత్తు కాయిలు దనుక రాలేదు. స్విచ్చి, ఫ్యూజు, ఆ నడిమి వైరు చూచుకొనవలెను. మార్గమధ్యమున బండిని నడిపించుటకై బ్యాటరీ నుండి ఆ బోల్టునకు నేరుగ వేరొక వైరు కట్టవచ్చును. అట్లు చేసినప్పుడు తాళపుచెవి త్రిప్పినను ఇంజను ఆగదని గుర్తుంచుకొనవలెను. కొన్ని బండ్లలో కాయిలునకు ముందు ఒత్తిడి తగ్గించు రెసిస్టరు తీగె యుండును. వానిని ఇట్లు చాలసేపు నడిపినచో కాయిలు మాడును.

అచ్చట దీపము వెలిగినచో కాయిలు రెండవ బోల్టును, అనగా డిస్ట్రిబ్యూటరు వైపుదానిని, తాకి ఇంజనును చేతితో మెల్లగ త్రిప్పించుడు. పాయింట్లు విడినప్పుడు దీపము వెలిగి, కలిసినప్పుడు ఆరవలెను. ఇట్లు వెలుగుచు ఆరుచున్నచో మొదటి దారి సరిగ నున్నట్లే. అయినను రవ్వ రానిచో కండెన్సరు మార్చి చూచి, అప్పటికిని రాకున్నచో మాత్రమే కాయిలు మాట తలపవలెను. ఎంత త్రిప్పినను దీపము ఆరకున్నచో పాయింట్ల గుండా విద్యుత్తు ఎర్తునకు పోవుటలేదు. అవి మాసినవి, కలియుటలేదు, లేదా నడుమ తీగె తెగినది. ఎంత త్రిప్పినను వెలుగకున్నచో, ఆ బోల్టు నుండి డిస్ట్రిబ్యూటరునకు పోవు వైరును విప్పి మరల తాకుడు. ఇప్పుడు వెలిగినచో కాయిలు మంచిది. డిస్ట్రిబ్యూటరులోనే ఎచ్చటనో ఎర్తు అగుచున్నది, కాదేని పాయింట్లు విడుటలేదు. కండెన్సరు తీగెను విడదీయగానే దీపము దారికి వచ్చినచో దొంగ దొరికినట్లే. వైరు విప్పినను వెలుగకున్నచో కాయిలు లోపలి తీగె తెగినది, అప్పుడు కాయిలు కొనుడు.

ఈ పరీక్షను తెలియని ఫలితమేమో ఒక యుదాహరణము చెప్పెదము. ఒక వేసవిలో మైలవరము వైపునుండి మామిడికాయతో వచ్చుచున్న పాత లారీ యొకటి ఇబ్రహీంపట్నము దాటకుండగనే ఆగినది. పిలువబడిన మేస్త్రి మొదట కాయిలు మార్చెను, పిదప ప్లగ్గులు మార్చెను, మరునాడు అరువు బ్యాటరీ తెచ్చెను. ఇంజను పలుకలేదు. మూడవ దినమున పరీక్షాదీపము పెట్టగా డిస్ట్రిబ్యూటరు వైపు బోల్టునొద్ద అది ఆరకుండ వెలుగుచునే యుండెను. పాయింట్లు విప్పి చూడ తెల్లగ, శుభ్రముగ నున్నవి. ప్రక్క బోల్టు నుండి కదలు పాయింటునకు పోవు జానెడైన లేని మెత్తని తీగె మాత్రము, పైతొడుగు చెక్కుచెదరకున్నను, లోపల రాగి తెగియుండెను. ఇంజను వణకుడునకు అది ఏండ్లతరబడి ఊగి ఊగి విరిగినది. అంతే పొడవు వేరొక మెత్తని తీగె వేయగా మొదటి త్రిప్పునకే అందుకొన్నది. అప్పటికి కాయ ముగ్గి కారుచుండెను. ఆ మేస్త్రి చేతిపని తెలియనివాడు కాడు. నడిమినుండి వెదకలేదు, అంతియే.

చాలకాలము కొట్టములో నిలిచిన బండి విషయమున మా అనుమానము ఎల్లప్పుడును మొదట పాయింట్ల మీదనే. మన డెల్టా గాలిలో తేమ యెక్కువ. వానకాలమంతయు కదలక నిలిచిన బండి పాయింట్ల మొగములమీద కంటికి ఆననంత పలుచని పొర పట్టును. అవి కలిసినట్లే కనబడును, విద్యుత్తు మాత్రము దాటదు. క్యాపు తీసి, సన్నని ఆకురాయితో రెండు మూడు మార్లు తేలికగ రుద్ది, పెట్రోలులో తడిపిన శుభ్రమైన గట్టికాగితమును నడుమ పెట్టి లాగవలెను. ఎమరీ కాగితము వాడరాదు. దాని ఇసుక పాయింట్లలో దిగబడి మరల విద్యుత్తును అడ్డగించును. క్యాపు తీసినప్పుడే ఇంజనును త్రిప్పించి రోటరు తిరుగుచున్నదో లేదో చూచుకొనుడు. తిరుగనిచో లోపల పండ్లచక్రమో గొలుసో పోయినది. అది మనము రోడ్డుపై చేయు పని కాదు.

పాయింట్ల నడిమి సందును గూడ కొలువవలెను. కదలు పాయింటునకు గల మడమ చక్రపు మిట్టమీదికి వచ్చినప్పుడు ఆ సందు చాలవరకు పాత బండ్లలో 0.4 మొదలు 0.5 మిల్లీమీటరు దాక నుండును; విల్లీసు జీపునకు 0.020 అంగుళము. ఫీలరు గేజి లేనిచో గట్టి శుభలేఖ అట్ట తాత్కాలికముగ పనికివచ్చును. మడమ అరిగినకొలది ఈ సందు తగ్గుచు వచ్చి, తుదకు పాయింట్లు విడుటే మానును. విడనిచో రవ్వ లేదని మునుపే చెప్పితిమి. చక్రముమీద గోరంత గ్రీజు పూసినచో మడమ అరుగుట తగ్గును. ఎక్కువ పూసినచో అది ఎగిరి పాయింట్ల మీదనే పడును.

నడిమి వైరునుండి నీలిరవ్వ బాగుగ వచ్చి, ఇంజను మాత్రము అందుకొననప్పుడు క్యాపును పరీక్షింపవలెను. లోపలను వెలుపలను పొడిగుడ్డతో తుడిచి వెలుతురునకు పట్టి చూడుడు. పెన్సిలుతో గీచినట్లు సన్నని నల్లగీత కనబడినచో విద్యుత్తు ఆ గీతవెంట ఎర్తునకు జారిపోవుచున్నది. అట్టి క్యాపు మార్చవలసినదే. 1979లో ఇబ్రహీంపట్నమున విద్యుత్కేంద్రము పనిచేయ మొదలిడిన పిమ్మట బూడిద మోయు లారీల వెనుక మన బండ్లు పోవుట పరిపాటియైనది. క్యాపుమీద పేరుకొన్న యే దుమ్మైనను, మంచుతోగాని తుంపరతోగాని తడిసినచో, విద్యుత్తు దారి తప్పుటకు చాలును. చలికాలపు తెల్లవారుజామున మొరాయించి ఎండ ఎక్కగానే కదలు బండ్లకు తరచుగ ఇదియే కారణము. క్యాపు నడుమ స్ప్రింగు మీద నుండు చిన్న బొగ్గుముక్క అరిగి విరిగినదేమో చూడవలెను. రోటరును పరీక్షించుటకు క్యాపు తీసి, నడిమి లావువైరు కొసను రోటరు మీది ఇత్తడిరేకునకు చేరువగ పట్టి త్రిప్పించుడు. రవ్వ దానిలోనికి దూకినచో రోటరు లోపల చిల్లిపడినది.

వైరుల సంగతి. గడ్డివాము ప్రక్కన నిలిపిన బండిలో ఎలుకలు వైరుల తొడుగులను కొరుకుట సామాన్యము. చీకటిలో ఇంజను త్రిప్పించినచో కొరికినచోట రవ్వలు మినుకుమినుకుమనును. వైరులను ఊడదీయుటకు ముందే ఏది దేనిదో గుర్తులు పెట్టుకొనవలెను. నాలుగు సిలిండర్ల విల్లీసు జీపునకు వరుస 1-3-4-2. ఆరు సిలిండర్ల లారీలలో పెక్కింటికి 1-5-3-6-2-4. వరుస తప్పినచో మంచి రవ్వ యుండియు ఇంజను వెనుకకు తన్నుచు ప్రేలుచుండును. ప్లగ్గులన్నియు ఒక్క దినముననే చెడవు. ఒకటి రెండు చెడినచో ఇంజను కుంటుచు నడచును గాని బొత్తుగ ఆగదు. కనుక రవ్వ లేదనగానే ప్లగ్గుల జత కొనుట వ్యర్థమని మా తలంపు.

వేడెక్కిన పిమ్మట ఆగి, అరగంట చల్లారగానే మరల నడచు బండ్లు కొన్ని కలవు. వీనిలో కాయిలుగాని కండెన్సరుగాని వేడికి లోపల తెగి, చల్లబడగానే అతుకుకొనుచుండును. ఇట్టివానిని చల్లగ నున్నప్పుడు పరీక్షించినచో ఏ దోషమును కనబడదు. ఆగిన వెంటనే, వేడిమీదనే, పైన చెప్పిన పరీక్ష చేయవలెను. కాయిలుమీద తడిగుడ్డ చుట్టినప్పుడు బండి కదలినచో కాయిలే దోషి; ఆ గుడ్డ నీరు బోల్టులకు తగులరాదు.

పాయింట్లు కొత్తవి వేసినను, సందు మార్చినను, రవ్వ పడు సమయము కూడ కొంత జరుగును. బండి నడచినది గదాయని ఊరకుండక, తీరిక దొరికినప్పుడు టైమింగు సరిచేయించుకొనవలెను; లేనిచో ఎక్కుడులో బలము చాలక పెట్రోలు వృథాయగును. వానకాలమున బండిని నిలుపదలచినవారు బ్యాటరీ ఎర్తు కొసను విప్పి, పదునైదు దినముల కొకమారు తగిలించి ఇంజనును పది నిమిషములు నడుపుచుండవలెను. ఒక కండెన్సరు, ఒక జత పాయింట్లు, పరీక్షాదీపము, పొడిగుడ్డ మూతగల రేకుడబ్బాలో నుంచి సీటు క్రింద పెట్టుకొనుడు. కండెన్సరు కొనునప్పుడు పాతదానిని చూపి దాని జోడునే తెచ్చుకొనవలెను; బిగింపు చెవి కలియనిచో క్యాపు క్రింద అది అమరదు.